మాసీ 1035 ట్రాక్టరుకి కొత్త ఫ్లైవీలు రింగు: నాలుగు నెలలు నడిపాక చెబుతున్నా

నమస్కారమండీ. ఇంజను వెనక తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీలు, దాని చుట్టూ ఉండే పళ్ల చట్రం ఈ రింగు. ముందు మా ట్రాక్టరు పాత రింగు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. ఇక్కడ పళ్లు బాగున్నాయి. ఇటు తిప్పితే మొనలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇంకాస్త తిప్పితే మళ్లీ మంచి పళ్లు, మళ్లీ అరుగుడు. మొత్తం మూడు చోట్ల.

ఎందుకంటే ఇది మూడు సిలిండర్ల ఇంజను. బండి ఆపినప్పుడు ఏదో ఒక సిలిండరు కంప్రెషన్ అడ్డుపడి ఇంజను నిలబడుతుంది. అందుకని ఫ్లైవీలు దాదాపు ఎప్పుడూ ఆ మూడు చోట్లలోనే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. సెల్ఫ్ కొట్టగానే బెండిక్సు, అంటే సెల్ఫ్ మోటారు కొనన ఉండే చిన్న పళ్ల చక్రం, వచ్చి గుద్దేది ఆ పళ్లనే. నాలుగు సిలిండర్ల బండికైతే ఇలా రెండు చోట్ల అరుగుతుంది.

రెండేళ్ల నుంచి మాకు ఇదే బాధ. సెల్ఫ్ కొడితే కర్రుమని అరుపు, మోటారు తిరిగేది గానీ ఇంజను కదిలేది కాదు. నాన్న రోజూ సాయంత్రం బండి తెచ్చి కట్ట దిగుడులో పెట్టేవారు, పొద్దున్నే దొర్లించుకుని గేరు వేయడానికి. అరవై దాటిన మనిషి అలా ఒక్కడే చీకట్లో బండి దొర్లిస్తుంటే నాకు గుండె ఆగినంత పనయ్యేది.

పళ్లకి వెల్డింగ్ పెట్టించమని చాలామంది చెప్పారు. నేనైతే వద్దంటాను. పన్ను ఆకారం సరిగ్గా రాదు, కొత్త బెండిక్సుని కూడా తినేస్తుంది.

రింగు సంగతికొస్తే, మొదట చవకది ఒకటి తెచ్చాను. పంటి మీద ఆకురాయి పెట్టి లాగితే పొడి రాలింది. గట్టి పన్నయితే ఆకురాయి జారిపోవాలి. అది వాపసు ఇచ్చి ఒరిజినల్ తెచ్చాను. ఆకురాయి జారింది, పళ్ల లెక్క, లోపలి కొలత పాతదానితో సరిపోయాయి. మీరూ పాత రింగు చేత్తో పట్టుకునే షాపుకెళ్లండి.

అసలు ఖర్చంతా బండిని ఇంజను, గేర్‌బాక్సు దగ్గర రెండుగా విడదీయడంలోనే ఉంది. విడదీయక మునుపే, ముందు చక్రాల యాక్సిలుకీ ఇంజనుకీ మధ్య రెండు వైపులా ఒక కొన సన్నగా చెక్కిన చెక్క మేకులు కొట్టి తీరాలి. లేదంటే ఇంజను పక్కకి ఒరిగిపోతుంది, కింద మనుషులుంటారు. ఎలాగూ విప్పాం కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా మార్పించాను.

పాత రింగు ఎలా ఊడిందంటే, రెండు పళ్ల మధ్య డ్రిల్లు వేసి ఉలితో ఒక్క దెబ్బ. చిట్లి వదులైపోయింది. కొత్తది మాత్రం వేడి చేసే ఎక్కించాలి. వేడికి అర మిల్లీమీటరు పైనే సాగుతుంది, చల్లారాక ఫ్లైవీలుని బిగించి పట్టేస్తుంది. మా మేస్త్రి మంట ఒకచోట నిలపకుండా చుట్టూ తిప్పుతూ, మధ్యమధ్య సోల్డరు తీగ ఆనించి చూశాడు. అది కరిగితే 190 డిగ్రీల దగ్గరికి వచ్చినట్టు. రింగు నీలం తిరిగిందంటే 300 డిగ్రీల దాకా పోయినట్టే, పళ్ల గట్టిదనం పోతుంది. పళ్లకి ఒకవైపు వాలుగా చెక్కి ఉంటుంది చూశారా, ఆ వైపు బెండిక్సు వచ్చే దిక్కుకి ఉండాలి. కూర్చున్నాక నీళ్లు పోయకూడదు, దానంతట అదే చల్లారాలి.

బెండిక్సు కూడా కొత్తది వేశాం. నాలుగు నెలలయింది, దమ్ము పని కూడా అయింది, అరుపు ఒక్కసారీ రాలేదు. నిన్న సెల్ఫ్ మోటారు విప్పి ఆ కన్నంలోంచి పళ్లు చూశాను, మొనలు అలాగే ఉన్నాయి. నాన్న ఇప్పుడు బండి ఇంటి ముందే పెడుతున్నారు.