మాస్ట్ కణాలు: తొలి నిమిషాల కాపలా

శ్రోతలకు నమస్కారం. కందిరీగ కుట్టి దద్దురు లేచినా, తుమ్ములు ఆగకపోయినా యాంటీహిస్టమిన్ మాత్ర వేసుకుంటాం. ఆ హిస్టమిన్‌ని వదిలేవి మాస్ట్ కణాలు. అలర్జీ పుణ్యమా అని వీటికి చెడ్డపేరే మిగిలింది. బాక్టీరియా చొరబడిన తొలి నిమిషాల్లో ఇవి చేసే మేలు గురించి ఈరోజు చెప్పుకుందాం.

ఇవి ఎముక మజ్జలో పుట్టి చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో, మూత్రాశయం గోడలో ఎదుగుతాయి. చిన్న రక్తనాళాలను ఆనుకుని ఉంటాయి. కణం నిండా గుళికలే. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అనిలీన్ రంగులతో వీటిని గుర్తించినప్పుడు, ఎక్కువ పోషణ అందడం వల్ల ఆ గుళికలు ఏర్పడ్డాయనుకున్నాడు. నిజానికి అందులో ఉన్నది కణం సొంతంగా తయారుచేసి దాచుకున్న సరుకు: హిస్టమిన్, హెపారిన్, ట్రిప్టేజ్, ముఖ్యంగా టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్.

మిగతా కణాలు చాలావరకు టీఎన్ఎఫ్‌ను అవసరం పడ్డాకే తయారుచేసుకోవాలి. మాస్ట్ కణం దగ్గర అది ముందే సిద్ధంగా ఉంటుంది. ఇ.కోలై అనే బాక్టీరియా ఒంటిమీది నూగు కొనన ఉండే ఫిమ్‌హెచ్ ప్రొటీన్, మాస్ట్ కణం మీది సీడీ48 అనే గ్రాహకానికి తగిలిందంటే చాలు, యాంటీబాడీల అవసరం లేకుండానే నిమిషాల్లో గుళికలు బయటపడతాయి. హిస్టమిన్ రక్తనాళాన్ని వెడల్పు చేసి గోడను వదులు చేస్తుంది. టీఎన్ఎఫ్ లోపలి పొరను జిగటగా మారుస్తుంది. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడ అతుక్కుని, గోడ దాటి వచ్చి బాక్టీరియాను మింగుతాయి.

1996లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం దీన్ని చక్కగా చూపింది. మాస్ట్ కణాలు లేని చిట్టెలుకలు కడుపులో పేగు బాక్టీరియా చేరితే తట్టుకోలేకపోయాయి. వాటికి మాస్ట్ కణాలు ఎక్కిస్తే రక్షణ తిరిగొచ్చింది, టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే మళ్లీ పోయింది. ఆ ఎలుకల్లో కిట్ అనే జన్యువులో లోపం వల్ల ఇతర లోపాలూ ఉన్నాయి కాబట్టి, ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టుగా మనుషులకు అన్వయించకూడదు. పైగా ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి సెప్సిస్ ముదిరితే ఇదే స్పందన రక్తపోటును పడగొట్టి హాని చేయగలదు.

కొన్ని మందులు కూడా ఈ కణాలను నేరుగా రెచ్చగొడతాయి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ను వేగంగా ఎక్కిస్తే ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది. మొదటిసారి తీసుకునేవారికీ రావచ్చు. అందుకే 1 గ్రాము మందును కనీసం 60 నిమిషాల పాటు ఎక్కిస్తారు. డ్రిప్ నెమ్మదిగా సాగుతోందని నర్సును తొందరపెట్టకండి. దురద మొదలైతే మాత్రం వెంటనే చెప్పండి.