ఖాళీగా కనిపించే ఫోల్డర్‌లో ఏముంది?

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులు, మొబైల్ రిపేరు పని చేసేవాళ్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కంప్యూటర్స్ చదివే పిల్లలున్నారు, వెనక షాపులు మూసి వచ్చిన రిపేరు తమ్ముళ్లున్నారు. వెనక కూర్చున్నవాళ్లకు చేతిపని నాకంటే బాగా తెలుసు. అందుకే ఆ పని వెనకున్న సంగతి ఎక్కువ చెప్తాను.

ముందు మీ ఫోన్లు తీయండి. ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, దాంట్లో డేటా, మీడియా, ఓబీబీ (గేముల అదనపు ఫైళ్లుండేది) అని ఉంటాయి. డేటా మీద నొక్కండి. చాలామందికి ఖాళీగా కనిపిస్తుంది, కొందరికి అనుమతి లేదని వస్తుంది. కానీ అది ఖాళీ కాదు. పెద్ద గేములున్న ఫోన్‌లో అక్కడ జీబీల కొద్దీ సరుకు ఉంటుంది. ఫోన్ నాది, పైసలు కట్టింది నేను, నాకే ఎందుకు చూపించదు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఆండ్రాయిడ్ లినక్స్ కెర్నెల్ మీద, అంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ మీద నడుస్తుంది. లినక్స్‌లో ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడుకుంటే ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకుండా ఒక్కొక్కరికీ ఒక యూజర్ నంబరు ఉంటుంది. ఆండ్రాయిడ్ ఆ పద్ధతినే తీసుకుని మనుషులకు బదులు యాప్‌లకు నంబర్లిచ్చింది. మనం వేసుకునే యాప్‌ల నంబర్లు 10000 నుంచి మొదలవుతాయి. గురుకుల హాస్టల్‌లో చదివినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. హాలు అందరిదీ, ట్రంకు పెట్టె మాత్రం ఎవరిది వాళ్లదే. డౌన్‌లోడ్స్, ఫొటోలు హాలులో ఉంటాయి. యాప్ పాస్‌వర్డులు, సెట్టింగులు, డేటాబేస్ ట్రంకులో ఉంటాయి. ఇప్పుడు మీరు నొక్కిన డేటా ఫోల్డర్ ట్రంకు పక్కన పెట్టుకున్న సంచి. చాలా ఏళ్లు దానికి తాళమే లేదు. స్టోరేజీ అనుమతి అడిగి తీసుకున్న ఏ టార్చి యాపైనా అందులో చెయ్యి పెట్టగలిగేది.

2019లో ఆండ్రాయిడ్ 10తో ఆ సంచి మూతి కట్టడం మొదలైంది. 2020లో ఆండ్రాయిడ్ 11 వచ్చాక అన్ని ఫైళ్లకూ అనుమతి ఉన్న ఫైల్ మేనేజర్‌కు కూడా డేటా, ఓబీబీ తెరుచుకోవడం మానేశాయి. ఫోల్డర్ ఎంచుకునే తెర ద్వారా కొన్ని యాప్‌లు దొడ్డిదారి కనిపెట్టాయి. ఆండ్రాయిడ్ 13, 14లలో ఆ సందులూ ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. అందుకే పాత వీడియో చూసి చేసింది మీ కొత్త ఫోన్‌లో పనిచేయదు. మీ చేతిలో లోపం లేదు.

యాప్‌ల మీద ఈ కట్టడి మంచిదే అంటాను. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో పేరు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే నేరుగా యాప్ వేసే ఫైళ్లు, మన ఊళ్లలో అందరికీ తెలుసు. అలాంటిది ఫోన్‌లో పడితే మిగతా యాప్‌ల ఫైళ్లయినా దానికి అందకూడదు. ఎస్‌ఎంఎస్ అనుమతి ఇచ్చేశాక ఓటీపీ మాత్రం పోతుంది, దాన్ని ఈ తాళం ఆపదు. అయితే యాప్‌లకు తలుపు మూసినవాళ్లు, యజమాని తన ఫోన్‌లోంచే చూసుకునేందుకు సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టి ఉండాల్సింది. అది పెట్టకపోవడం నాకు ఇప్పటికీ నచ్చదు.

సరే, పని సంగతికొద్దాం. మన పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయినవాళ్లు ఇంటికి పంపిన వాయిస్ మెసేజ్‌లు ఎన్నో ఫోన్లలో ఉన్నాయి. కొందరికి అవే మిగిలిన గొంతులు. వాటికి ఏ తాళమూ పగలగొట్టనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని మీడియాలో వాట్సాప్ ఫోల్డర్ తెరిస్తే వాయిస్ నోట్స్ ఉంటాయి. సంవత్సరం, వారం లెక్కన చిన్న ఫోల్డర్లుగా, ఓపస్ అనే రకం ఫైళ్లుగా ఉంటాయి. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. కాపీ చేసుకుని వేరే చోట పెట్టుకోండి. చాట్ డేటాబేస్ బ్యాకప్ కూడా దగ్గర్లోనే ఉంటుంది గానీ అది ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది, ఆ తాళంచెవి ట్రంకులో ఉంటుంది.

అసలు చిక్కు రికార్డర్ యాప్‌లతో. మక్తల్ దగ్గర ఏదో ఊళ్లో ఒక ముసలమ్మ పాడిన బతుకమ్మ పాటలు రికార్డు చేశారనుకోండి. కొన్ని యాప్‌లు వాటిని డేటా ఫోల్డర్‌లోనే దాస్తాయి. ఫోన్ స్లో అయిందని ఆ యాప్ తీసేస్తే ఫోల్డర్ మొత్తం పోతుంది, ట్రాష్‌లోకి కూడా రాదు. కాబట్టి యాప్ తీయకండి, క్లియర్ డేటా నొక్కకండి. యాప్‌లోనే షేర్, ఎక్స్‌పోర్ట్ ఉందేమో వెతకండి. లేకపోతే కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. ఫోన్ తెరలో మూసుకున్న ఫోల్డర్ చాలా ఫోన్లలో కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. కేబుల్ మాత్రం డేటా వెళ్లేది కావాలి, చవక కేబుళ్లు కొన్ని చార్జింగే చేస్తాయి.

అలా రాకపోతే ఏడీబీ, అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబరు మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. ఏడీబీ యూజర్ నంబరు 2000, దానికి సంచి అందుతుంది, ట్రంకు అందదు. కంప్యూటర్ లేనివాళ్లు షిజుకు అనే యాప్ వాడతారు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఉన్న వైర్‌లెస్ డీబగ్గింగ్‌తో అది ఇదే హక్కును ఫైల్ మేనేజర్‌కు ఇప్పిస్తుంది. పని కాగానే డీబగ్గింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పేచీ పెడతాయి కూడా.

ఇక ఫైలును మార్చడం. ముందు కాపీ తీసి పక్కన పెట్టండి. తర్వాత యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేయండి. లేకపోతే యాప్ మూసుకునేటప్పుడు తన దగ్గరున్న పాత విలువలు రాసేసి మీ మార్పు చెరిపేస్తుంది. డేటాబేస్ అయితే పక్కన అదే పేరుతో, చివర వాల్ అని ఇంకో ఫైలు ఉందేమో చూడండి. కొత్తగా రాసినవి కొన్ని అందులోనే ఆగి ఉంటాయి. పెద్ద ఫైలు ఒక్కటే కాపీ చేసి, నిన్నటి సమాచారం పోయిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

గేము ఫైళ్ల గురించి కుర్రాళ్లు అడుగుతారని తెలుసు. గ్రాఫిక్స్ సెట్టింగుల ఫైలు మారిస్తే అకౌంట్ బ్యాన్ అవ్వొచ్చు. ఆన్‌లైన్ గేముల నాణేలు, స్కిన్‌లు కంపెనీ సర్వర్‌లో ఉంటాయి, ఫోన్‌లో ఎంత తవ్వినా దొరకవు. ఓటీటీ డౌన్‌లోడ్లు కనిపించినా ప్లే కావు. ఆ రక్షణను ఛేదించి కాపీ చేసుకుంటే కాపీరైట్ చట్టం 65ఏ సెక్షన్ కిందికి వస్తుంది.

రిపేరు తమ్ముళ్లతో ఒక మాట. "అన్నా, జర రూట్ చేసి నా ఫైలు తీయరాదే" అని వస్తారు. రూట్ అంటే నంబరు 0, హాస్టల్ మొత్తానికి వార్డెన్. కానీ రూట్ చేయడానికి ముందు బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్, అన్‌లాక్ చేయాలి, అది చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఏ ఫైలు కోసం వచ్చారో అదే పోతుంది. పైగా యూపీఐ యాప్‌లు మొరాయిస్తాయి. శాంసంగ్‌లో నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఒకసారి ట్రిప్ అయితే, అంటే తెగిపోతే, మళ్లీ మామూలు కాదు. ప్యాటర్న్ మర్చిపోయిన ఫోన్‌కు సాఫ్ట్‌వేర్ కొడితే ఫోన్ తెరుచుకోవచ్చు, ఫొటోలు రావు. ఇప్పటి ఫోన్లలో ఫైళ్ల ఎన్‌క్రిప్షన్ ఆ ప్యాటర్న్‌తోనే ముడిపడి ఉంటుంది. పైసలు తీసుకోకముందే కస్టమర్‌కు ఇది చెప్పండి.

భార్య ఫోనో, అన్న ఫోనో తెచ్చి చాట్‌లు తీసిపెట్టమంటే ఒప్పుకోవద్దు. యజమాని అనుమతి లేకుండా చేస్తే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తెచ్చినవాళ్లతో పాటు తీసినవాళ్లూ ఇరుక్కుంటారు.

కేబుల్ తెచ్చుకున్నవాళ్లు ల్యాప్‌టాప్ దగ్గరికి రండి. ముందు రికార్డర్ యాప్ ఫోల్డర్ తెరిచి చూద్దాం, గేముల ప్రశ్నలు ఆ తర్వాత.