లైటు పట్టుకున్నది ఎవరు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చిన తోటి డాక్టర్లకు, వెనక వరసల్లో ఉన్న హౌస్ సర్జన్లకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం దవడ పళ్లలో కాంపోజిట్, అంటే నీలం లైటు వేస్తే గట్టిపడే పన్ను రంగు మందుతో ఫిల్లింగ్ పెట్టే పద్ధతులు. మొదటి మాట రబ్బర్ డ్యామ్. 1864లో న్యూయార్క్‌లో బార్నమ్ అనే డెంటిస్టు మొదలుపెట్టిన రబ్బరు షీటు ఇది, పన్నుకు ఉమ్మి తగలకుండా చుట్టూ వేసేది. ఉమ్మి తగిలిన చోట బాండింగ్, అంటే మందు పన్నుకు అతుక్కోవడం, నిలవదు. పేషెంటు ఒప్పుకోడని చాలామంది అంటారు. అసలు ఎంతమంది పేషెంట్లను అడిగాం?

రెండోది పక్క పన్నుతో కాంటాక్ట్. సిల్వర్ ఫిల్లింగ్ రోజుల్లో గట్టిగా కూరితే ఆ మందే పన్ను చుట్టూ బిగించిన బ్యాండును పక్క పన్ను మీదికి నెట్టేది. కాంపోజిట్ అలా నెట్టదు. పళ్ల సందులో వెడ్జ్ అనే చిన్న చీల బిగించి, రింగు వేసి, పళ్లను మనమే కాస్త ఎడం చేయాలి. లేకపోతే వారం తిరక్కుండా పేషెంటు పుల్ల పట్టుకుని వస్తాడు, మామిడిపండు పీచు ఇరుక్కుంటోందని.

మూడోది పొరలు. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. పన్ను పైభాగంలో పుచ్చు తీసిన గుంటకు నాలుగు గోడలు, ఒక అడుగు. ఐదు వైపులా అతుక్కుని ఒక్క వైపే తెరిచి ఉంటుంది కాబట్టి, కుంచించుకునేటప్పుడు మందు గోడల్ని లాగుతుంది. అందుకే 2 మిల్లీమీటర్లకు మించకుండా, ఎదురెదురు గోడల్ని ఒకేసారి కలపకుండా ఏటవాలుగా పెట్టమంటాం. మందంగా పెట్టడానికే చేసిన బల్క్ ఫిల్ రకాలైతే సాధారణంగా 4 మిల్లీమీటర్ల దాకా ఒకేసారి పెట్టొచ్చు.

పన్నును యాసిడ్‌తో గరుకు చేసే ఎచింగ్ మీద, బాండింగ్ మీద ఇంకా స్లైడ్లున్నాయి. వాటిని వదిలేస్తున్నాను, నిర్వాహకులు మన్నించాలి. చివర్లో రావాల్సిన లైటు సంగతి ఇప్పుడే చెప్పాలి. ఎన్ని సభలకు వెళ్లినా దానికి చివరి ఐదు నిమిషాలే మిగులుతాయి, అప్పటికి అందరూ భోజనాలకు లేస్తారు.

ఆ మధ్య ఒక టీచరమ్మ వచ్చారు. కింది దవడలో చివరి పన్నుకు ముందు పన్ను. బయట ఎక్కడో ఫిల్లింగ్ చేయించుకుని మూడు నెలలు కూడా కాలేదు. "డాక్టరు గారూ, పైకి బాగానే ఉంది, కొరికితే మాత్రం జివ్వుమంటోంది" అన్నారు. నిజంగానే పైకి ముచ్చటగా ఉంది. పన్ను మీద ఉండే గాడులు చెక్కారు, పాలిష్ చేశారు. తెరిచాను. అడుగున ఎక్స్‌ప్లోరర్ సూది ఆనిస్తే దిగబడింది. ఎండకు చెరువు మట్టి పైన పెచ్చు కట్టి లోపల బురదగా ఉన్నట్టుంది. దాని కింద మళ్లీ పుచ్చు మొదలైంది. మందు మంచిదే కావచ్చు, చేసిన చెయ్యీ మంచిదే కావచ్చు. అడుగు దాకా వెలుగు చేరలేదు.

ఎందుకు చేరదు? పళ్ల సందు పుచ్చులో చిగుళ్ల వైపు అడుగు, పన్ను పై కొన నుంచి 6, 7 మిల్లీమీటర్ల లోతున ఉండొచ్చు. చాలా లైట్లలో దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. చివరి పళ్ల దగ్గర నోరు పూర్తిగా తెరుచుకోదు, లైటు కొన వాలిపోతుంది. వాలితే ఒక గోడ నీడలో పడుతుంది. ఇనుప బ్యాండు ఉంటే ఇంకా నీడ. కొన మీద పాత కాంపోజిట్ అంటుకుని ఉంటే చెప్పేదేముంది! నీలం వెలుగు కంటపడుతుందని తల తిప్పుకుంటాం, తల తిప్పగానే చెయ్యి జరుగుతుంది. నారింజ రంగు అద్దం పెట్టుకుని, కొన ఎక్కడుందో చూస్తూ పట్టాలి.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ లైటు బలం ఈ ఏడాది కొలిపించినవాళ్లు చేతులెత్తండి. ఇంతేనా? సభ మొత్తానికి ఇంతేనా?

రంగు నప్పిందా లేదా అని షేడ్ గైడు పట్టుకుని చూస్తాం. వేలు పోసి మందు కొంటాం. కీలకమైన ఆ 20 సెకన్లు లైటును అసిస్టెంటు అమ్మాయి చేతికిచ్చి ఫోను చూసుకుంటాం. ఆమెకు ఎలా పట్టాలో ఎవరైనా నేర్పారా? నేర్పకుండా ఇవ్వడం ఆమెకూ అన్యాయం, పేషెంటుకూ అన్యాయం. ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది, దాచుకోను.

రేపు క్లినిక్‌కి వెళ్లగానే ఒక పని చేయండి. ప్లాస్టిక్ స్ట్రాను 2 మిల్లీమీటర్ల ముక్కగా కోయండి. గాజు పలక మీద పెట్టి మీ కాంపోజిట్ నింపండి. రోజూ ఎంతసేపు లైటు వేస్తారో అంతే వేసి, తిరగేసి అడుగు గీకండి. మెత్తగా ఊడొస్తే లైటు వేసే తీరు మార్చాలి, లేదా లైటే మార్చాలి. గట్టిగా తగిలినంత మాత్రాన పూర్తిగా గట్టిపడిందని కాదు, కనీసం ఘోరం జరగడం లేదని మాత్రం తెలుస్తుంది. తర్వాత కొన దూరంగా పట్టి ఒకటి, వాల్చి ఒకటి చేయండి. మీ అసిస్టెంటు చేత కూడా గీకించండి. బ్యాండు తీశాక బుగ్గ వైపు నుంచీ, నాలుక వైపు నుంచీ మరోసారి లైటు వేయండి. అయితే వేడి పుడుతుంది, పక్కన గాలి ఊదుతూ ఉండమనండి.

భోజనాల వరస దగ్గర బల్ల మీద లైటు బలం కొలిచే రేడియోమీటరు పెట్టించాను. కార్లో లైటు ఉన్నవాళ్లు తీసుకురండి, నేను అక్కడే ఉంటాను. నమస్కారం.