కలంకారీ క్లాసులో చేరే ముందు చూడాల్సిన వీడియో

[తెర మీద: ఉతికి ఆరేసిన గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ]
ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: గుడ్డను మాతోనే నానబెట్టిస్తారా, సిద్ధం చేసింది ఇస్తారా? ఫ్యాబ్రిక్ పెయింటు, బ్రష్షు చేతికిచ్చి నెమలి వేయించి పంపే క్లాసులున్నాయి. నెమలి వస్తుంది, కలంకారీ రాదు. కలంతో చేత్తో గీసే శ్రీకాళహస్తి పద్ధతిలో సగం పని కలం పట్టకముందే ఉంటుంది.

[గుడ్డ పాలలో మునుగుతూ]
మీటరు నూలు గుడ్డ చాలు. పాలిస్టర్ కలిస్తే పనికిరాదు. గంజి పోయేలా సబ్బునీళ్లలో ఉడికించి జాడించండి. అర లీటరు పచ్చి గేదెపాలు, అర లీటరు నీళ్లు, 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, వడకట్టి, పావుగంట నానబెట్టండి. గట్టిగా పిండి ఎండలో ఆరేయండి. నురగ మిగిలిన చోట మచ్చ పడుతుంది. కరక్కాయ వగరు నలుపును పట్టిస్తుంది, పాలలో వెన్న రంగును పాకనివ్వదు. అందుకే ప్యాకెట్ టోన్డ్ పాలు వద్దు.

[కుండలో కసిమి]
నల్లరంగు పేరు కసిమి. తుప్పు ఇనుము, తాటిబెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. వారాంతపు క్లాసులో కుదిరే పని కాదు, నేర్పేవాళ్లే ముందుగా చేసి తేవాలి.

[వేళ్లు, కలం: బాగా దగ్గరగా]
కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారం కడతారు. ఉన్నిని వేలితో నొక్కితే కసిమి మొనకు దిగుతుంది. చేయి కుదరాల్సింది ఇక్కడే. ముంచగానే గీస్తే మొదటి గీత బొట్టై కూర్చుంటుంది. గిన్నె అంచుకు ఒత్తి, పాతగుడ్డ మీద ఒక గీత లాగి, అప్పుడు బొమ్మ దగ్గరికి రండి. బొమ్మను ముందు చింతబరికెల బొగ్గుతో వేసుకోండి. దులిపితే పోతుంది, పెన్సిలైతే మొండికేస్తుంది.

గీత మొదట లేతగా ఉండి, చూస్తుండగానే నల్లబడాలి. బూడిదరంగులోనే ఆగితే కరక్కాయ చాలలేదు, లేదా కసిమి ఇంకా పులియలేదు. దాని మీద మళ్లీ దిద్దితే లావెక్కుతుందే తప్ప నల్లబడదు. గీత పాకిందంటే పాలు పలచన, లేదా గుడ్డ పూర్తిగా ఆరలేదు.

[కుళాయి కింద గుడ్డ]
ఒక రోజు ఆరనిచ్చి పారే నీళ్లలో ఉతకండి. బకెట్లో నానబెడితే వదిలిన నలుపు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. ఎరుపు వేరే లెక్క: పటిక నీళ్లు పూసిన చోటే మంజిష్ఠ (ఎర్రరంగు ఇచ్చే వేరు) పట్టుతుంది. దాన్ని రెండో గుడ్డకు ఉంచుకోండి.