కౌంటరు వెనక మనిషి: మైకేల్ పేలిన్

మిత్రులారా,

మైకేల్ పేలిన్‌ను పరిచయం చెయ్యడం కాస్త చిక్కు. ఈ బ్రిటిష్ కళాకారుణ్ణి హాస్య నటుడంటే ఆయన టీవీ యాత్రలు చూసినవాళ్లు ఒప్పుకోరు. యాత్రికుడంటే, ఎరెబస్ అనే నౌక మీద ఆయన 2018లో రాసిన చరిత్ర చదివినవాళ్లు ఒప్పుకోరు. 2009 నుంచి 2012 దాకా రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు కూడా. పదవుల చిట్టా ఇక్కడితో ఆపేస్తాం. మా లెక్కలో ఇన్ని పనుల్లోనూ ఆయన సరుకు ఒక్కటే: ఎదుటివాడు చెలరేగుతుంటే తాను తొణక్కుండా నిలబడటం.

షెఫీల్డ్‌లో 1943లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదువుతూ టెర్రీ జోన్స్‌తో కలిసి రాయడం మొదలుపెట్టారు. 1969 అక్టోబర్ 5న బీబీసీలో మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమం మొదలైంది. అంతా స్కెచ్‌లే, అంటే చిన్న చిన్న హాస్య నాటికలు. అందులో రాసి నటించేవాళ్లలో జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్ ఒక జట్టు. పేలిన్, జోన్స్ ఇంకో జట్టు. ఎరిక్ ఐడిల్ ఒంటరిగా రాసుకునేవాడు. ఎవరు రాసినా మిగతావాళ్ల ముందు పైకి చదవాలి. నవ్వొస్తే ఉంటుంది, లేదా బుట్టదాఖలు.

చచ్చిన చిలక స్కెచ్ తీసుకోండి. కొన్న చిలక చచ్చిందని క్లీజ్ కొట్టుకు తిరిగొస్తాడు, కొట్టువాడు పేలిన్ చావలేదంటాడు. దాని మూలం చిలక కాదు, కారు. పేలిన్ కారు బాగుచేసే గ్యారేజీ మనిషి ఏ లోపం చూపించినా ఒప్పుకునేవాడు కాదట. ముందు కార్ల దుకాణం మీదే ఒక స్కెచ్ రాశారు. తర్వాత దాన్ని తిరగరాసేటప్పుడు కారు స్థానంలోకి చిలక వచ్చింది. కారు చెడిపోయిందా లేదా అని వాదించుకోవచ్చు. చిలక చచ్చిందా లేదా అన్నదాంట్లో వాదన ఏముంది? అక్కడే పేచీ నిజంగా వెర్రిదైంది.

ఈ స్కెచ్ వేసేవాళ్లు చాలామంది ఒకచోట దెబ్బతింటారు. కొట్టువాణ్ణి జిత్తులమారిలా చూపించి, ప్రేక్షకులకు కన్ను గీటుతారు. అలా చేస్తే కొనుక్కున్నవాడి కోపం దేనికి తగలాలి? గోడ ఉంటేనే కదా బంతి తిరిగొచ్చేది! పేలిన్ కొట్టువాడు మర్యాదస్తుడు. నిద్రపోతోందంటాడు, పుట్టినచోటి మీద బెంగ పెట్టుకుందంటాడు. ప్రతి సాకూ ముందుదాని కంటే ఒక మెట్టు పైనుంటుంది, గొంతు మాత్రం అక్కడే ఉంటుంది. క్లీజ్ కేకకు బలం ఆ గొంతే.

1988లో వచ్చిన 'ఎ ఫిష్ కాల్డ్ వాండా' సినిమాలో నత్తి ఉన్న కెన్ పాత్ర వేశారు. పేలిన్ తండ్రికి నత్తి ఉండేది. అందుకే ప్రతి మాటకీ ఒకేలా తడబడే నాటకాల నత్తి ఇక్కడ కనిపించదు. అవతలివాడు తొందరపెట్టేకొద్దీ మాట బిగుసుకుపోతుంది. ఒక్క హోటలు పేరు చెప్పాల్సిన దృశ్యం మొత్తం ఆ ఒత్తిడి మీదే నడుస్తుంది. ఆ పాత్రకు బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. 1993లో లండన్‌లో నత్తి ఉన్న పిల్లల కోసం ఆయన పేరుతోనే ఒక కేంద్రం తెరిచారు.

అదే 1988లో సెప్టెంబర్ 25న, జూల్స్ వెర్న్ నవలలో కథానాయకుడు బయల్దేరిన లండన్ రిఫార్మ్ క్లబ్ నుంచే, విమానం ఎక్కకుండా 80 రోజుల్లో భూమి చుట్టి రావడానికి బీబీసీ టీవీ ధారావాహిక కోసం బయల్దేరారు. ఆ రోజుల్లో 16 ఎంఎం ఫిల్ము 400 అడుగుల రీలు పది నిమిషాలకు కాస్త పైన నడుస్తుంది. కెమెరా ఆగనివ్వకుండా తీసుకుంటూ పోవడం కుదరదు. కాబట్టి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన మనిషి కావాలి. దుబాయి నుంచి బొంబాయికి గుజరాతీ నావికుల పడవలో దాదాపు వారం ప్రయాణం. రాడార్ లేదు, మరుగుదొడ్డి అంటే పడవ అంచున సముద్రం మీదికి వేలాడే పెట్టె. భాష అంతంతమాత్రం. అయినా మొత్తం ధారావాహికలో జనానికి బాగా గుర్తుండిపోయింది ఆ భాగమే. చిలక కొట్టువాడు ఇక్కడ తలకిందులయ్యాడు. వినోదం నావికులది, వినడం పేలిన్‌ది. బొంబాయి నుంచి మద్రాసుకు రైల్లో వెళ్లారు.

79 రోజుల 7 గంటలకు తిరిగొచ్చారు. తీరా చూస్తే రిఫార్మ్ క్లబ్ వాళ్లు లోపల చిత్రీకరణకు ఒప్పుకోలేదు. ప్రయాణం మెట్ల దగ్గరే ముగిసింది.

1997లో ప్రసారమైన పసిఫిక్ యాత్రకు ఆ మెట్లు కూడా దక్కలేదు. అలాస్కాకూ రష్యాకూ మధ్య బేరింగ్ జలసంధిలోని లిటిల్ డయోమీడ్ దీవి నుంచి బయల్దేరి, మహాసముద్రం చుట్టూ తిరిగి, మళ్లీ అక్కడికే చేరాలి. చివర్లో సముద్రం పోటెత్తింది. దీవి కొద్ది మైళ్ల దూరంలో ఉండగానే వెనక్కి మళ్లారు. పేలిన్ ఆ విషయాన్ని కప్పిపుచ్చలేదు. చుట్టు పూర్తికాలేదని కెమెరా ముందే చెప్పేశారు.