కొంబు పొట్లం విప్పే ముందు

వ్యాఖ్యాత: నమస్కారం. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఆసియా సరుకుల దుకాణాల్లో కొంబు అనే ఎండు సముద్రపు నాచు కొని, "ఒంటికి చాలా మంచిదట" అంటూ ఇంటికి పంపుతున్నారు. అలాంటి పొట్లమే ఇప్పుడు మా ముందు ఉంది. నల్లటి అట్ట ముక్కల్లా ఉన్నాయి, పైన తెల్లటి పొడి. మేడం, ఇది బూజా?

నిపుణురాలు: బూజు కాదండి. నాచు ఎండేటప్పుడు లోపలి మానిటాల్ అనే తియ్యటి పదార్థం, కొంత ఉప్పు పైకి వచ్చి అలా పేరుకుంటాయి. రుచిలో కొంత భాగం అదే. అందుకే కుళాయి కింద పెట్టి రుద్దకూడదు, తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

వ్యాఖ్యాత: జపాన్ వాళ్లు దీన్ని కూర వండుకుంటారా?

నిపుణురాలు: వండుకుంటారు కానీ, దీని అసలు వాడకం వేరు. నీళ్లలో నానబెట్టి, సన్నటి సెగ మీద వేడిచేసి, మరగబోయే ముందు ముక్క బయటకు తీసేస్తారు. ఆ నీళ్లే దాషి. మన చారుకు పప్పుకట్టు ఎలాగో వాళ్ల సూపులకు అది అలాగ. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఈ కమ్మదనం ఎక్కడిదని వెదికి, కొంబులోంచి గ్లుటమేట్‌ను వేరుచేశారు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టింది కూడా ఆయనే.

వ్యాఖ్యాత: మరి పోషకాలు? కాల్షియం, ఇనుము బోలెడు ఉన్నాయంటారు.

నిపుణురాలు: ఆ లెక్కలు తరచుగా 100 గ్రాముల ఎండు నాచుకు వేసినవి. మనం వాడేది రెండు మూడు గ్రాములు. కాల్షియం కోసమైతే రాగులు, పెరుగు, నువ్వులు ఉన్నాయి. కొంబులో నాకు నచ్చేది పీచు. నానిన ముక్కను పట్టుకుంటే వేళ్లకు జిగురు తగులుతుంది చూడండి, అందులో ఆల్జినేట్ అనే పీచు ఉంటుంది. నీటిని పట్టి ఉంచుతుంది, జీర్ణక్రియను కాస్త నెమ్మదింపజేస్తుంది. ఐస్‌క్రీమ్ చిక్కదనానికి వాడేది కూడా ఇదే. మన దేశంలో మన్నార్ సింధుశాఖలో సార్గస్సం అనే గోధుమరంగు నాచును సేకరించేది ప్రధానంగా ఆల్జినేట్ కోసమే.

వ్యాఖ్యాత: సార్గస్సం విశాఖ తీరంలోనూ ఉంటుంది కదా! తెచ్చుకుని తినవచ్చా?

నిపుణురాలు: వద్దు. నాచు నీటిలోని సీసం, ఆర్సెనిక్ వంటివాటిని తనలోకి లాక్కుంటుంది. ఓడరేవు దగ్గరి నాచును వంటింట్లోకి తేవద్దు.

వ్యాఖ్యాత: ఇలాంటి నాచులో ఉండే ఫ్యూకోయిడాన్ అనే పదార్థం క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఒక వీడియో తిరుగుతోంది.

నిపుణురాలు: ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ప్రయోగశాలలో కణాల మీద, జంతువుల మీద చూసిన ఫలితాలను చూపించి రోగులకు ఆశపెట్టడం అన్యాయం. అది చికిత్సగా రుజువు కాలేదు. చికిత్స మానేసి నాచు గొట్టం మాత్రలు మింగేవారు ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే.

వ్యాఖ్యాత: ఒక శ్రోత అడుగుతున్నారు: "అమ్మకు థైరాయిడ్ తక్కువ. కొంబులో అయోడిన్ ఎక్కువట, రోజూ పెట్టమంటారా?"

నిపుణురాలు: పెట్టకండి. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. ఒక్క గ్రాము ఎండు కొంబులో 2000 దాటవచ్చు. అయోడిన్ ఉప్పు వాడే ఇళ్లలో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం హషిమోటో వ్యాధి, అంటే సొంత రోగనిరోధక శక్తే ఆ గ్రంథిని దెబ్బతీయడం. అలాంటివారికి అదనపు అయోడిన్ హాని చేయవచ్చు.

వ్యాఖ్యాత: జపాన్ వాళ్లు తరతరాలుగా తింటున్నారు, వాళ్లకేమీ కాలేదని వాదిస్తారు.

నిపుణురాలు: అయింది. హొక్కైడో తీరంలో కొంబు విపరీతంగా తినే ఊళ్లలో గాయిటర్ కనిపించిందని 1960లలో అక్కడి వైద్యులే రాశారు. అయోడిన్ ఎక్కువైనా గొంతు దగ్గర వాపు వస్తుంది.

వ్యాఖ్యాత: ఉడికించి నీళ్లు పారబోస్తే?

నిపుణురాలు: ముక్కలోని అయోడిన్ చాలావరకు నీళ్లలోకి దిగుతుంది, నిజమే. కానీ దాషి అంటే ఆ నీళ్లే కదా! ఆరోగ్యవంతులు ఎప్పుడైనా ఒక కప్పు తాగితే భయపడాల్సిన పని లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు, గర్భిణులు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దు. ఇప్పటికే తింటుంటే, థైరాయిడ్ పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ అమ్మగారికి కావలసింది కమ్మదనమైతే, బాగా పండిన టమాటాల్లోనూ ఎండు పుట్టగొడుగుల్లోనూ గ్లుటమేట్ ఉంది. రెండూ కలిపి చారు పెట్టమనండి.