జరిమానా కట్టిన తరువాత కూడానా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, ఈ త్యాగరాయ గానసభలో మా తరువాత పాడవలసినవారు అప్పుడే శ్రుతి సరిచూసుకుంటున్నారు కనుక నేరుగా విషయానికి వస్తాను. నాకిచ్చిన అంశం 'యువ గాయకులకు టీవీ వేదికలు'. అందులో ఒక్క ప్రశ్ననే తీసుకుంటాను: ఎప్పుడో చేసిన చిన్న తప్పును చూపించి పాటల పోటీ నుంచి ఒకరిని తప్పించవచ్చునా?

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైన నాటి నుంచి, పిల్లలకు సంగీతం చెప్పించే తల్లిదండ్రులకు ఆ తెర మీద ఆశ ఉండనే ఉంది. అక్కడి నుంచి వెనక్కి పంపడం తేలికైన శిక్ష కాదు.

నా దగ్గర పాట నేర్చుకున్న ఒక అబ్బాయి పందొమ్మిదేళ్ల వయసులో కోఠిలో ఒక ఇరానీ హోటల్ బయట అర్ధరాత్రి గొడవపడ్డాడు. నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1348వ సంవత్సరం నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం కింద పెట్టీ కేసు రాశారు. నాంపల్లి కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. కొన్నేళ్లకు ఒక ఛానల్ పోటీలో ఆడిషన్లన్నీ దాటాడు. ఛానల్ వారు ఇంటికి వచ్చి, వాళ్లమ్మను కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి, దీపం వెలుతురులో సూదికి దారం మళ్లీ మళ్లీ ఎక్కించమని 'ఏవీ', అంటే గాయకుణ్ణి పరిచయం చేసే చిన్న వీడియో, తీసుకున్నారు. ఇంట్లో కరెంటు ఉంది, అయినా దీపమే కావాలన్నారు. ఆ తరువాత వచ్చిన ఒప్పందపత్రంలో 'మీపై ఎప్పుడైనా కేసు నమోదైనదా' అన్న గడిలో అవునని రాసి, జరిమానా రసీదు నకలు కూడా జతచేశాడు. వారం తిరగకుండా కోఆర్డినేటర్ ఫోన్ చేసి, 'మేనేజ్‌మెంట్ వద్దంటోంది బాబూ, ఏమీ అనుకోకు' అన్నాడు. కారణం రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. 'లేదు' అని రాసినవాడు ఈపాటికి పాడుతూ ఉండేవాడు. ఆ గడి పట్టుకున్నది నేరస్థుణ్ణి కాదు, నిజం చెప్పినవాణ్ణి.

అమ్మా, వెనుక వరుసల్లోని తల్లిదండ్రులారా, ఒకసారి ఆలోచించండి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం శాసనసభకు పోటీ చేసేవారికి సాధారణంగా రెండేళ్లకు తగ్గని శిక్ష పడితేనే అనర్హత వస్తుంది. పాట పాడడానికి అంతకన్నా గట్టి నియమమా? యౌవనంలో నినాదాలు చేయడం వంటి స్వల్ప నేరాన్ని ఉద్యోగార్థి దాచినా, యజమాని తన విచక్షణతో మన్నించవచ్చునని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా అబ్బాయి దాచనే లేదు. ఐదు వేల లోపు విలువైన వస్తువును మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చినవానికి సమాజ సేవనే శిక్షగా విధించే భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. చట్టమే ఇంత సడలింపు చూపుతుంటే, వినోద కార్యక్రమానికి ఈ పట్టుదల ఎందుకు?

ఛానల్ వారి భయం నాకు అర్థం కానిది కాదు. పాత వీడియో ఒకటి బయటికి వస్తే ప్రకటనదారులు తప్పుకుంటారు. పైగా సెట్ మీద చిన్నపిల్లలు ఉంటారు కనుక, స్త్రీల మీద, పిల్లల మీద నేరం చేసినవారిని రానివ్వకూడదన్న దానిలో నాకు రెండో మాట లేదు. తాగి బండి నడపడాన్ని కూడా, ఈ నగరపు రోడ్ల మీద తిరిగేవాడిగా, చిన్న తప్పుల్లో కలపలేను. కాని జరిమానాతో ముగిసిన వీధి గొడవను వీటి పక్కన పెట్టడం అన్యాయం. ఏ నేరాలు అడ్డమో దరఖాస్తులోనే అచ్చువేయాలి, 'ఏవీ' తీసిన తరువాత కాదు. తప్పించేటప్పుడు అభ్యర్థి మాట విని, కారణం కాగితం మీద పెట్టాలి.

ఈ కోరికలతో రాసిన వినతిపత్రం ద్వారం దగ్గరి బల్ల మీద ఉంది. సమ్మతమైనవారు సంతకం చేయండి. ముందు వరుసలోని ఛానల్ ప్రతినిధులు మాత్రం, ఏ వాక్యంతో పేచీ ఉందో దాని పక్కనే తమ అభ్యంతరం రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.